లాబీలోని ఫోన్

ఈ సాయంత్రం అరోరా నుంచి చికాగోకి డ్రైవ్ చేసుకుని మావారితో ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లాను. వాళ్లు వాయించిన రెండు సింఫనీలూ ఈ ఇరవయ్యో శతాబ్దానివే. మొదటిది డ్రమ్ములతో, బాకాలతో యుద్ధంలా దద్దరిల్లింది. రెండోది వయొలిన్ల మీద మెల్లగా మొదలవగానే డాక్టరైన మావారి బీపర్ మోగింది. అందరూ గుర్రుగా చూస్తుంటే ఆయన లాబీలోని ఫోన్ దగ్గరికి పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి కచేరీ అయిపోయింది.

"ఇంతసేపేం చేశారండీ? మంచి భాగమంతా మిస్ అయ్యారు," అన్నాను.

"హాస్పిటల్లో పేషెంట్ పోయాడు. వాళ్లావిడ లైన్లోకి వచ్చింది. లాబీ స్పీకర్లోంచి ఆ వయొలిన్లు వినపడ్డట్టున్నాయి, కాసేపు ఫోన్ పెట్టేయొద్దు డాక్టర్ అంది. రిసీవర్ స్పీకర్ వైపు పట్టుకుని అలాగే నిలబడ్డాను."

ముందు వరసలో కూర్చున్నది నేను. ఆ సింఫనీ విన్నది మాత్రం ఆవిడే. కాదంటారా?