చప్పుడును పంచిన నక్షల సారు

పోయిన గురువారం పొద్దున ఆఫీసు బస్సులో గచ్చిబౌలి వెళ్తుండగా ఎదురింటి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామయ్య పోయిండు. చాయ్ తాగి కుర్చీల ఒరిగిండు, అంతే," అంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, ఎవరితోనూ చేయించుకోకుండా వెళ్లిపోయారు. తర్వాతి స్టాపులో దిగి ఇంటికి వెనక్కి వచ్చేశాను.

మా కాలనీలో అందరం ఆయన్ని నక్షల సారు అనేవాళ్లం. సర్కారు కొలువులో ఊరి రోడ్లకు నక్షలు గీసీ గీసీ రిటైరయ్యారు. పాత క్యాలెండర్ కాగితాలు పారేయనిచ్చేవారు కాదు. వాటి వెనక ఏదో ఒక వీధి గీస్తూనే ఉండేవారు. వరండాలో కళ్లు మూసుకుని కూర్చుంటే నిద్రపోతున్నారనుకునేదాన్ని.

"నిద్ర గాదమ్మా, ఇంటున్న. ఆ బస్సు ఇప్పుడు మూల తిరిగింది. మూల మీద ఇల్లున్నోడు పాపం," అనేవారు.

నేను కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన కొత్తలో మా వీధి అందరికీ అడ్డదారి. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోడానికి ఐటీ ఆఫీసుల కార్లు, బైకులు మా గుమ్మాల ముందు నుంచే దూసుకుపోయేవి. హారన్లకు మా పసివాడు ఉలిక్కిపడి లేచేవాడు. నేనే ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పోగుచేసి వీధి చివర గేటు పెట్టించాను. ఆ వారం ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినపడింది. ఎంత గర్వపడ్డానో.

పది రోజులకు సారు మా గుమ్మంలోకి వచ్చారు. "జర నాతోని రా అమ్మా. నీ గేటు ఏం జేసిందో చూపిస్త."

వెనక సందులోకి తీసుకెళ్లారు. మా బట్టలు ఇస్త్రీ చేసే ఆమె ఉండేది అక్కడే. మా వీధిలోకి రానివ్వని బళ్లన్నీ ఆ సందులో ఎదురెదురుగా ఇరుక్కుని మోగుతున్నాయి. రెండు పక్కలా గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. ఆ మోత ఈ గోడకీ ఆ గోడకీ కొట్టుకుంటోంది. ఇస్త్రీ ఆమె ఏదో చెప్పబోయింది. నాకు వినపడకపోయేసరికి లోపలికి పిలిచి తలుపు మూసింది.

"బిడ్డ చెవుల్ల దూది పెట్టుకొని చదువుతుందక్కా. పదో తరగతి పరీక్షలున్నయి."

తిరిగొస్తూ సారు నన్ను తప్పుపట్టలేదు. ఇంటి దగ్గర మాత్రం, "సప్పుడు మాయం గాదమ్మా. మనం తలుపేస్తే పక్కోళ్లింటికి పోతది," అన్నారు.

ఆ ఆదివారం కాలనీ మీటింగులో క్యారమ్ బోర్డు మీద తన నక్ష పరిచారు. గేటు తీసేద్దాం, వెళ్లే బళ్లు మా వీధిలో, వచ్చేవి సందులో పంపిద్దాం, ఎదురుపడకపోతే హారన్ కొట్టే పనే ఉండదు అన్నారు. మా వీధి వెడల్పు కాబట్టి అక్కడక్కడా మొక్కల తొట్లు పెట్టి దారిని కాస్త వంకర తిప్పితే వేగం తగ్గుతుందట. "స్పీడ్ బ్రేకర్ వద్దు. బ్రేకేసి మళ్ల రేజ్ జేస్తరు, అదింకో మోత."

ఒకాయన లేచి, "వెళ్లే బళ్లన్నీ మీ వరండా ముందు నుంచే పోతాయండి, ఆలోచించుకోండి," అన్నాడు.

"పోనీయుండ్రి. మన వంతు మనం ఇనాలె గద," అని నవ్వారు సారు.

కొందరు గొణిగారు. మొదట చెయ్యెత్తింది నేనే. గేటు పెట్టించిన మనిషే ఎత్తేసరికి మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఎత్తారు. పోలీసుల అనుమతి కోసం ఆ నక్ష పట్టుకుని ఆయనే నెల రోజులు తిరిగారు.

ఇప్పుడు మా వీధి మరీ నిశ్శబ్దం కాదు. బళ్లు వెళ్తాయి, నెమ్మదిగా వెళ్తాయి. మావాడు ఆ చప్పుడు మధ్యే హాయిగా నిద్రపోతూ పెరిగాడు. ఇస్త్రీ ఆమె కూతురు నర్సింగ్ చదువుతోంది. మొన్నటిదాకా సారు సాయంత్రాలు వరండాలో కూర్చుని, మడికి నీళ్లు కట్టిన రైతులా, "మంచిగ పారుతుంది," అనుకునేవారు.

ఆ రోజు ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. వెనక సందు వాళ్లంతా వచ్చి వీధిలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు బళ్లు రావడం మొదలైంది. ముందొచ్చిన బైక్ టాక్సీ అతను జనాన్ని చూసి ఇంజను ఆపేశాడు. వెనక కూర్చున్నావిడా దిగింది. ఇద్దరూ బండితో పాటు నడుచుకుంటూ దాటారు. వాళ్ల వెనక వచ్చినతనూ దిగాడు, ఆ తర్వాతి అతనూ. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చాలాసేపు వీధి పొడవునా చక్రాలు దొర్లుతున్న సవ్వడి, చెప్పుల చప్పుడు, అంతే.