పిండి మునిగేదాకా

ఆ వీడియోకు డైరెక్టర్‌ని నేనే. హోసూరు పక్కన మూకండపల్లిలో మా వీధి టీ అంగడి దగ్గర ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, ఎందుకంటే వాళ్లకు చెప్పింది నేనే. కెమెరా, లైటింగు, కూర్పు అన్నీ నా చేతుల మీదుగా జరిగాయని కూడా చెప్పాను. చదివేవాళ్ల దగ్గర అంత ధైర్యం చాలదు. నేను ఫోను పట్టుకున్నాను, అంతే. అది పట్టుకున్న సేపట్లో సగం నా బొటనవేలు అడ్డం ఉంది.

వీడియో మా కోడలిది. ఆమె ఇక్కడి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేది. ఆమె నిద్ర లేచేసరికి పిల్ల బడికి పోయి ఉండేది, పిల్ల వచ్చి కాసేపటికే ఆమె బస్సు ఎక్కాల్సి వచ్చేది. ఆమె పనిచేసే తయారీ లైను ఆపేసి అందరినీ ఇంటికి పంపినప్పుడు, పని పోయిందన్న దిగులు ఒక పక్క, పిల్లకు జడ వేసే వీలు దొరికిందన్న సంతోషం ఒక పక్క. సూళగిరి దగ్గర మా చేలో పండే రాగులను పిండిమరలో ఆడించి, సంచులు కట్టి, ఫోను మీద అమ్ముతానంది. ఇంతలో ఫ్యాక్టరీకి మనుషుల్ని పెట్టే కంట్రాక్టరు మళ్లీ పిలిచాడు. కొత్త లైను వస్తోందట, రాత్రి షిఫ్టేనట. నెలాఖరుకు చెబుతానంది. ఆలోగా పిండి కదలకపోతే బస్సు ఎక్కక తప్పదు.

పిండి కొనాలంటే రాగిముద్ద చేయడం రావాలి. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలకు తినడం వచ్చు, చేయడం రాదు. అందుకని ముద్ద చేసే వీడియో తీసి, హోసూరులో పెళ్లి వీడియోలు చేసే స్టూడియో ఆయనకు ఇచ్చింది. తాళి కట్టే క్షణంలో తెర మీద పూలు రాల్చడంలో ఆయనకు ఆయనే సాటి. మా ముద్ద మీద కూడా రాల్చాడు. పాట పెట్టాడు, మంచి వేగంగా కత్తిరించాడు. నీళ్లు మరిగాయి, పిండి పడింది, మరుక్షణం ముద్ద పళ్లెంలో కూర్చుంది. నేను చప్పట్లు కొట్టాను.

చూసినవాళ్లు కొట్టలేదు. తెలుగులో, తమిళంలో, కన్నడంలో తిట్టారు. పిండి వేయగానే ముద్ద ఎట్లా అయిందని ఒకరు అడిగితే, హోటల్లో కొనుక్కొచ్చి పెట్టినారని ఇంకొకరు తేల్చేశారు. నమ్మి పిండి కొన్న ఒకాయన, చూపినట్టే వెంటనే కెలికితే ఉండలు కట్టిందని, పిండిలో ఏదో కలిపారని రాశాడు. ఆ మాట చదివి కోడలు ఫోను బోర్లించి పెట్టింది. తన చేత్తో చెరిగిన రాగులవి.

మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకు పోయింది.

"నడిమధ్య ఉడికేదంతా తీసేసినావే అన్నా?"

"ఆడ ఏమీ జరగలేదు కదమ్మా. కుండ అట్లే ఉండాది. చూసేవాళ్లు పారిపోతారని తీసేస్తి."

"జరిగేదంతా ఆడనే అన్నా. పిండి ఏసి, నడిమధ్య తెడ్డు నిలబెట్టి, అది నీళ్లలో మునిగి ఉడికేదాకా కెలకకూడదు. దాన్ని తీసేస్తే ఇంకేముండాది?"

ఆయన తన ఇంట్లో ముద్ద చేసేది అమ్మేనని, తను పళ్లెం ముందు కూర్చున్నాకే చూశానని ఒప్పుకున్నాడు. మంచివాడు. ఫోనులోనే కత్తిరించడం ఎట్లాగో దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు. చూసేవాళ్లు ఏ చోట వదిలేసి పోయారో చూపే గీత ఒకటి ఉంటుంది, అది జారినచోట జనం లేచిపోయినట్టు లెక్క అని చెప్పాడు.

దారిలో నేను తీర్పు ఇచ్చాను: ఏదీ కత్తిరించవద్దు, ఉన్నదున్నట్టు పెట్టు. కోడలు నా మాట మన్నించి మళ్లీ చేసింది, నేను తీశాను. కుండ ఉడికినంత సేపూ నేను చిన్నప్పుడు రాయకోట కొండ ఒక్క ముద్ద బలంతో ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కిన సంగతి చెప్పాను. పెట్టాం. నేను నోరు తెరిచిన చోటే ఆ గీత బావిలోకి దిగినట్టు దిగింది. కొండ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. సగం దాకా ఎక్కి, నీడ చూసుకుని పడుకున్నాను.

మూడోసారి కోడలు ఎవరినీ అడగలేదు. ఫ్యాను ఆపింది, దాని రొద పోయి కుండ కొతకొత వినిపించింది. పొద్దున కిటికీలోంచి ఎండ పడే వేళ చూసుకుని, మొదటినుంచి చివరిదాకా ఆ వెలుతురులోనే తీసింది. ఫోనును నా చేతిలోంచి తీసి బియ్యం డబ్బాకు ఆనించింది. ఆ తర్వాత చెవిలో తీగలు పెట్టుకుని, తీసినదాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ కూర్చుంది. పాట లేదు, పూలు లేవు. ఉడకడాన్ని కుదించింది గానీ మాయం చేయలేదు. పొడిపిండి గుట్ట అంచులు తడవడం, నడుమ పగుళ్లు ఇవ్వడం, తెడ్డు చుట్టూ బుడగలు లేవడం, ఒక్కోటి కంటికి ఆనేంత సేపు ఉంచింది. ఈసారీ నేను పక్కన నిలబడి చేసిన ఉపన్యాసమంతా కోసేసి ఒక్క ముక్క మిగిల్చింది.

"ఇంకా కెలకలేదేమ్మా?"

"ఉండు మామా, పిండి మునగాల."

చూసేవాళ్ల మనసులో సరిగ్గా ఆ చోట లేచే ప్రశ్న అదేనని, అది తెలిసే అడిగానని వీధంతా చెప్పుకున్నాను. నాకు ఆకలేసి అడిగాను.

ఈసారి గీత ఆ చోట జారలేదు. పైగా కొందరు వెనక్కి జరిపి మరీ చూశారట. పిండిలో ఏదో కలిపారన్న ఆయనే మళ్లీ చేసి, ఉండల్లేని ముద్ద ఫోటో పెట్టాడు. కృష్ణగిరి నుంచి ఒకామె ఫోను చేసి, తన కూతురు అత్తగారింట్లో ఇది చూసే ముద్ద నేర్చుకుందని, తనకూ రెండు సంచులు కావాలని అంది. వేలల్లో ఆర్డర్లు వచ్చాయని టీ అంగడిలో చెప్పాను. వచ్చినవాటిని లెక్కపెట్టడానికి చేతివేళ్లు, కాలివేళ్లు చాలు. కానీ సంచులు కదిలాయి. మర ఆయన మళ్లీ రాగులు ఎప్పుడు తెస్తారని తనే అడిగాడు.

నెలాఖరున కంట్రాక్టరు ఫోను చేశాడు. కోడలు ఆ వేళ రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టకుండానే భుజంతో ఫోను చెవికి నొక్కుకుంది. బస్సు ఎక్కడ ఆగేదీ, ఎన్నింటికి వచ్చేదీ ఆయన చెబుతూ ఉన్నాడు. అంతా చెప్పనిచ్చింది.

"నేను రాలేనన్నా," అంది. "ఈడ పని ఉండాది."