సగంలో ఆగిన ప్రార్థన

ఆస్ట్రేలియా నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఎడారి దారిలో పొద్దుటి నుంచి కారులో కూర్చుని నడుములు పడిపోయాయి. మా అత్తయ్యగారికి షుగరు. ఊరు వచ్చేసిందని కారులోనే ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకున్నారు. తీరా ఇండియన్ రెస్టారెంటు వెతికి పట్టుకునేసరికి ఆవిడకు షుగరు పడిపోయి ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు.

సంగతి చెప్పగానే వడ్డించే ఆవిడ తియ్యటి మామిడి లస్సీ పట్టుకుని పరుగున వచ్చింది. ఆ ప్రాంతపు ఆదివాసీ స్త్రీ, నాకంటే పెద్దదే.

అత్తయ్యగారు గ్లాసు ముట్టలేదు. కళ్లు మూసుకుని, "పరిశుద్ధుడవైన తండ్రీ..." అని మొదలుపెట్టారు. నరసాపురంలోని బంధువులందరినీ చుట్టి వస్తే గానీ ఆ ప్రార్థన ముగియదు.

"ముందు తాగండి అత్తయ్యగారూ!" అన్నాను. ఆవిడ వినలేదు. ప్రార్థనలో ఉన్న మనిషిని ఎలా ఆపను?

వడ్డించే ఆవిడ ఆపింది. గ్లాసు అత్తయ్యగారి పెదవులకు ఆనించి, "క్రైస్తవ మిషన్‌లో పెరిగిన మా అమ్మమ్మా ఇంతే. తాగమ్మా, నోటి నిండా ఉన్నా ఆయన వింటాడు," అంది ఇంగ్లీషులో.

"ఏమంటోందే?"

చెప్పాను. అత్తయ్యగారు నవ్వేసి గ్లాసు ఖాళీ చేశారు.

కాసేపటికి వణుకు తగ్గింది. స్తోత్రం చెప్పుకోవడానికైనా ఓపిక లేక నేను బల్ల మీద తల వాల్చేశాను.

"లేవే, ఆ తల్లి పేరేంటో అడుగు. పేరు తెలీకుండా ఎవరి కోసమని ప్రార్థించనూ?"

"గ్లోరియా," అందావిడ. కుర్చీ లాక్కుని మా పక్కనే కూర్చుని కళ్లు మూసుకుంది. పక్క బల్లవాళ్లు రెండుసార్లు పిలిచినా తెరవలేదు.