నలభై ఏడో పిట్ట

నా చిన్నప్పుడు ఏది కనబడినా లెక్కపెట్టేదాన్ని. మా అవ్వ ఎండబెట్టిన వడియాలు, బస్సు దిగే జనం, రోడ్డు దాటే గొర్రెలు. ఎవరూ నేర్పలేదు. మందను అయిదేసి చొప్పున కళ్ళతోనే విడదీసుకుంటే, గొర్రెలు నడుస్తున్నా లెక్క చెదరదని నాకు నేనే కనిపెట్టుకున్నాను. ఏడో తరగతికి వచ్చేసరికి నా లెక్క తప్పదన్న పేరొచ్చింది. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో ఒక ఆదివారం తెలిసింది.

మా ఆత్మకూరు హైస్కూల్లో సైన్సు సారుకు పిట్టలంటే ప్రాణం. చలికాలంలో పది పన్నెండు మందిమి ఆయనతో బస్సెక్కి అనంతసాగరం చెరువుకు పోయేవాళ్ళం. నీళ్ళు వెనక్కి తగ్గిన చోట, బురదలో, ఎక్కడెక్కడినుంచో వచ్చిన పిట్టలు మేస్తుండేవి. సారు దగ్గర ఒక బైనాక్యులర్స్, బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం, అట్టవేసిన రిజిస్టరు ఉండేవి. అంతకుముందు మాలో ఎవరూ చూడని పిట్టను కనిపెట్టినవాళ్ళు దాని పేరూ తమ పేరూ ఆ రిజిస్టర్లో సొంత చేత్తో రాయొచ్చు. కాకపోతే ఒకరు చూస్తే చాలదు. అదే గుర్తును తానూ చూశానని ఇంకొకరు చెప్పాలి. ఎంతటివాళ్ళ కళ్ళయినా ఒక్కోసారి పొరబడతాయని సారు అనేవారు.

మాతో మా పక్కింటి అక్క కూడా వచ్చేది. పదో తరగతి. లెక్కల్లో ప్రతి పరీక్షా తప్పేది. నోటీసు బోర్డు మీద తన పేరు తప్పినవాళ్ళ వరుసలో తప్ప చూసుకుని ఎరగదు. రిజిస్టర్లో పేరు రాయాలని ఆమెకు ఎంత ఆశో బస్సులో పక్కన కూర్చునే నాకు తెలుసు. "ఒక్క పిట్ట చాలే నాకు. ఆ రిజిస్టరు తీసుకుపోయి మా నాయనకు చూపిస్తా" అనేది.

ఆ ఆదివారం బురద అంచున ఒక గుంపు దిగి ఉంది. గోల్డెన్ ప్లోవర్లని సారు చెప్పారు. వీపు మీద లేత పసుపు చుక్కలున్న, పావురమంత పిట్టలు. బైనాక్యులర్స్ నాకిచ్చి లెక్కపెట్టమన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ నలభై ఏడే. సారు పెన్నుతో ఆ సంఖ్య రాసుకుని, లెక్కంటే ఇట్లుండాలిరా అని అందరికీ చెప్పారు.

ఇంతలో ఒక బర్రె బురదలోకి దిగింది. గుంపంతా ఒక్కసారి లేచింది.

"సారూ! దానికి చంకలో నల్లగా ఉండాది! ఆ చివర దానికి!" అని అక్క అరిచింది.

బైనాక్యులర్స్ నా కళ్ళకే ఉన్నాయి. నేనూ చూశాను. మిగతా వాటికి రెక్కల కింద ఒకటే బూడిదరంగు. ఆ ఒక్కదానికి మాత్రం రెక్క మొదట్లో మసి పూసినట్టు నల్లటి మచ్చ. గుంపు కట్ట మీదుగా తిరిగి పోయింది. మళ్ళీ రాలేదు.

సారు గబగబా పుస్తకం తిప్పారు. ఆ మచ్చ ఉంటే అది గ్రే ప్లోవర్ అట. సముద్రం ఒడ్డున తిరిగే పిట్ట, ఇంత లోపలికి రావడం అరుదు. ఇంకెవరు చూశారని అడిగారు.

"కాటుక కంట్లోకి కారిందేమో చూసుకోక్కా" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

సారు నవ్వలేదు. నా వైపు తిరిగారు. "అద్దాలు నీ చేతిలోనే ఉండాయి కదమ్మా. నీకేమైనా కనబడిందా?"

అది వేరే పిట్టయితే నా నలభై ఏడు నలభై ఆరవుతుంది. అందరి ముందూ రాసిన సంఖ్యను అందరి ముందూ కొట్టేస్తారు. నా మనసులో ఉన్నది అదొక్కటే.

"లేదు సారూ. అన్నీ ఒకటే."

"బాగా గుర్తు తెచ్చుకోవే" అంది అక్క.

"లేనిదాన్ని ఉండాదని చెప్పమంటావా ఏంది?" అన్నాను.

తిరుగు బస్సులో సారు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని రిజిస్టరు నా ఒళ్ళో పెట్టారు. పేజీలు తిప్పి చూడమన్నారు. ఎన్నో చోట్ల ఆయన రాసిన పేర్లు, సంఖ్యలు ఆయనే కొట్టేసి, పక్కన సరైనవి రాసి, సంతకం పెట్టి ఉన్నారు. నా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నాలుగు పేజీల్లో పంతొమ్మిది. "అన్నీ నా తప్పులేనమ్మా" అని నవ్వారు. ఆ రోజు పేజీలో అడుగున రెండు వరసలు ఖాళీగా వదిలి ఉన్నాయి. పరీక్షలయ్యేదాకా అవి అట్లాగే ఉంటాయని చెప్పి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయనకు తెలుసని నాకు అర్థమైంది. బయటపెట్టకుండా నాకు దారి చూపించారనీ అర్థమైంది.

మూడుసార్లు స్టాఫ్ రూము గుమ్మం దాకా పోయాను. మూడుసార్లూ వెనక్కొచ్చాను. పరీక్షలయ్యాయి, సారుకు బదిలీ అయింది, రిజిస్టరు ఆయనతోనే పోయింది. అక్క ఆ ఆదివారం తర్వాత మళ్ళీ చెరువుకు రాలేదు. పిలిస్తే పనుందనేది.

పోయిన సంవత్సరం ఒక పెళ్ళిలో ఆమె కనబడింది. ఇప్పుడు వాళ్ళు జలదంకి దగ్గర ఉంటున్నారు. భోజనాల దగ్గర పక్కపక్కనే కూర్చున్నాం. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత, విస్తట్లో చెయ్యి పెట్టుకునే, జరిగింది చెప్పాను. ఆమె మరిచిపోయి ఉంటుందని, నవ్వేస్తుందని లోపల ఒక ఆశ ఉండింది.

ఆమె తినడం ఆపింది.

"అయితే ఉండిందా మచ్చ?"

"ఉండింది అక్కా."

"నేనే కల్పించుకున్నానేమో అనుకున్నానే. పేరు కోసరం లేనిది చూసినానేమోనని. ఆ పొద్దు నుంచీ ఏదైనా నేను చూసినానని గట్టిగా చెప్పాలంటే భయం. మా ఇంట్లో ఎవురైనా కాదంటే, కాదేమోలే అని ఊరుకుంటా."

నన్ను ఒక్క మాట అనలేదు. వడ్డించేవాళ్ళు వస్తే, నా విస్తట్లో పప్పు అయిపోయిందని ఆమే చెప్పి వేయించింది.

ఇప్పటికీ చలికాలంలో ఆ చెరువుకు పోతాను. గుంపులో ఎవరైనా కొత్తది చూశామంటే, నాకు కనబడిందీ లేనిదీ చెప్పకముందే వాళ్ళు చూసింది వాళ్ళ మాటల్లోనే రాసుకుంటాను. ఇది మంచి అలవాటని కొందరు మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు పెళ్ళి పందిట్లో ఆమె అడిగిన ప్రశ్నే వినబడుతుంది. అంత చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది.