తొలి చేప పడేదాకా

హైస్కూల్లో చేరిన మొదటి రోజున, మొదటి గంట పూర్తి కాకముందే, నా పేరు రిజిస్టరులోంచి కొట్టేయబోయారు. ఎవరినో కొట్టానని కాదు, తిట్టానని కాదు. నోరు తెరవనందుకు. నన్నెరిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. పెళ్లి భోజనాల్లో నా పక్క విస్తరి దగ్గర ఎవరూ కూర్చోరు. నేను మాటల్లోకి దిగితే పక్కవాడి పప్పు చల్లారిపోతుందని మా జిల్లా అంతటా తెలుసు. అటువంటి నేను ఒకనాడు మూగవాడినని తేలిపోయి ఇంటిదారి పట్టబోయాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, వద్దనను. మా నాయనమ్మ మాట వచ్చినప్పుడు మాత్రం కాస్త మర్యాదగా నవ్వండి.

గంజాం జిల్లా మద్రాసును వదిలి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిన రోజులవి. హుమ్మ స్టేషను నుంచి ఉప్పు మళ్లు దాటుకుని తూర్పుగా నడిస్తే సముద్రపు ఒడ్డున మా పేట వచ్చేది. ఊళ్లో అందరిదీ చేపల వేటే. రాష్ట్రం మారిందన్న కబురు వచ్చిన రోజున మా నాయనమ్మ వల బాగుచేస్తూ, "మొన్నటిదాకా మదరాసోళ్లం, ఇప్పుడు కటకపోళ్లం. ఈ సంగతి సేపలకెవులు సెప్తారు?" అంది. మా పేటకు సంబంధించినంత వరకు ఆ విషయం అక్కడితో ముగిసింది.

నాకు మాత్రం ముగియలేదు. హుమ్మలో చిన్నబడి పంతులుగారు పట్టుబట్టి నన్ను పరీక్షకు పంపించారు, బరంపురంలో ఒక హైస్కూల్లో సీటు వచ్చింది. మా పేటలో హైస్కూలు మెట్టెక్కబోయే మొదటివాణ్ని నేనే. మా అయ్య ఆ కాగితాన్ని నూనెగుడ్డలో చుట్టి దూలానికి కట్టాడు. వచ్చినవాళ్లంతా తలెత్తి దూలం వంక చూసి, తరువాత తల దించి నా వంక చూసేవారు. ఆ చూపులకు పగలంతా ఛాతీ ఉప్పొంగేది, పడుకునే వేళకు ప్రశ్నలు మొదలయ్యేవి. బరంపురం పిల్లలు ఎలా ఉంటారో, ఒడియా మాస్టార్లు ఏం అడుగుతారో, ఒక ఏడాది తప్పితే సీటు పోతుందట కదా!

సెలవులు ఇంకో నెల ఉన్నాయనగా నాయనమ్మ దగ్గర చేరాను.

"మామ్మా, నాకు బయమేస్తంది."

"ఏటికిరా బయం?"

"కొత్త బడి. మనసు కుదురుగా నేదు."

ఆవిడ వల పక్కన పెట్టింది. వల పక్కన పెట్టిందంటే సంగతి పెద్దదన్నమాట. "మీ తాత తొలిసారి ఏటకెల్లినప్పుడు ఏటి సేశాడో తెలుసా? పొద్దున్న లేచిన కాడినుంచి తొలి సేప వల్లో పడీదాకా నోరిప్పనేదు. మనింట్లో అదే నేమం. ముందే వాగీసినోడి దైర్యం నోట్లోంచి జారిపోద్ది, ఏడాదంతా వల కాళీయే. తొలి సేప పడ్డాక ఎంతైనా వాగు."

"మరి బడిలో సేపేటే?"

"ఓరి ఎర్రోడా! తొలిసారి నీకేదైనా ఒక ముక్క నేర్పుతారు సూడు, అదే నీ సేప."

ఎంత సులువు! ఆ రోజునుంచే సాధన మొదలుపెట్టాను. తెల్లారి లేచి ఇసుకలో చేత్తో ఒక బెంచీ గీసి, దాని మీద కూర్చుని, నోరు బిగించి ఎక్కాలు, ఒడియా అక్షరాలు, కాలవల పేర్లు, మా వంశంలో నాకు తెలిసిన పేర్లన్నీ మనసులోనే వల్లె వేసేవాణ్ని. పైకి ఒక్క ముక్క రానిచ్చేవాణ్ని కాదు. మొదటి వారం మా అమ్మ "గంజి తాగుతావేటిరా?" అంటే చేతులు తిప్పాను. ఆవిడ కడుపునొప్పి అనుకుని వాము నీళ్లు పట్టించింది. రెండో వారానికి అందరికీ అలవాటైపోయింది. నెల తిరిగేసరికి నా మనసు ఎంత సిద్ధమైందంటే, లోపల మాటలన్నీ కుక్కిన బస్తాలో ఉప్పులా గట్టిపడి కూర్చున్నాయి.

ఆ రోజు రానే వచ్చింది. నాయనమ్మ నా పలకకు పసుపు రాసి, బొట్టు పెట్టి, గంగమ్మకు దండం పెట్టించింది. అయ్య, నాయనమ్మ, నేను హుమ్మలో రైలెక్కాం. తెప్ప తోసి పంపించేవాడు కూడా నోరు విప్పకూడదన్నది నేమంలో రెండో భాగం. అందుకని అయ్య కూడా మౌనమే. మా ఇద్దరి వంతూ నాయనమ్మ ఒక్కతే బరంపురం దాకా మాట్లాడింది.

బడి గేటు దగ్గర వాళ్లిద్దరూ ఆగిపోయారు. నేను తల ఎత్తుకుని లోపలికి వెళ్లాను. అంత గర్వంగా మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

మా క్లాసు మాస్టారు బరంపురం తెలుగాయన. రిజిస్టరు తెరిచి నన్ను లేపారు.

"పేరేటిరా?"

నేను వినయంగా నవ్వాను.

"ఊరేటి?"

ఇంకా వినయంగా నవ్వాను. నాకు తెలుగు రాదనుకున్నారో ఏమో, ఒడియాలో అడిగారు. తరువాత ఇంగ్లీషులో అడిగారు. మూడు భాషలకూ ఒకటే నవ్వు. నా చెవులు మాత్రం రిక్కించుకుని ఉన్నాయి: ఎప్పుడు నేర్పుతారు, ఏం నేర్పుతారు, ఎప్పుడు పడుతుంది నా చేప? ఆ గంటంతా పేర్లు రాసుకోవడమే తప్ప పాఠమన్నది లేదని నాకేం తెలుసు?

పక్కనున్న పట్నం కుర్రాడు లేచి, "సార్, వీడికి మాటలు రావండి" అని తేల్చేశాడు.

మాస్టారి ముఖం మెత్తబడిపోయింది. "అయ్యో పాపం" అంటూ నా దగ్గరకు వచ్చి, చెవిలో అరిచినట్టుగా, "రాయగలవా?" అని గాలిలో రాసి చూపించారు. రాయడం మాట్లాడటం కాదు కదా! పలక మీద 'పైడిరాజు' అని గుండ్రంగా రాసి ఇచ్చాను. "చెవులు వినిపిస్తున్నాయి, రాత ముత్యాల్లా ఉంది, మాటే లేదు" అని ఆయన నిట్టూర్చారు. క్లాసంతా నన్ను చూసి జాలిపడింది. ఆ జాలి కూడా నాకు గౌరవంలాగే కనబడింది. పదకొండేళ్ల బుర్ర అంతకంటే ఏం పనిచేస్తుంది?

చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరుగారి గదికి తీసుకెళ్లారు. ఆయన ఒడియా పెద్దమనిషి, బక్కపలచటి మనిషి. తెలుగు నెమ్మదిగా, జాగ్రత్తగా మాట్లాడేవారు. సంగతంతా విని కళ్లజోడు తుడుచుకున్నారు.

"మంచి పిల్లవాడు. కానీ పాఠం నోటితో అప్పజెప్పాలి. ఇలాంటి పిల్లలకు చెప్పే విద్య మా దగ్గర లేదు. ఈ సీటు కోసం ఇంకొకడు వరండాలో కూర్చుని ఉన్నాడు." గుమాస్తా వైపు తిరిగి, "తండ్రిని పిలవండి. చెప్పి, పేరు తీసేద్దాం" అన్నారు.

పేరు తీసేద్దాం! నోరు తెరవాలా, వద్దా? తెరిస్తే ఏడాదంతా వల ఖాళీ, సీటు వచ్చే ఏడు పోతుంది. తెరవకపోతే ఇప్పుడే పోతుంది. దూలానికి కట్టిన కాగితం కళ్ల ముందు ఊగింది. పోనీలే, అయ్య వస్తున్నాడు, అయ్య చెబుతాడు అని ధైర్యం తెచ్చుకున్నాను.

అయ్య వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ అబ్బాయి పుట్టుకతోనే మూగవాడా?" అని హెడ్మాస్టరుగారు ఎంతో దయగా అడిగారు.

అయ్య కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మరి జ్వరం వచ్చి మాట పోయిందా?"

మళ్లీ అడ్డంగా ఊపాడు. నన్ను చూపించాడు, తనను చూపించుకున్నాడు, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు, చేత్తో వల విసిరి చూపించాడు, ఆకాశానికి దండం పెట్టాడు. హెడ్మాస్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇద్దరూనా!" అన్నారు. గుమాస్తా సిరాలో కలం ముంచాడు.

"వీళ్లతో ఎవరైనా వచ్చారా?" అని మాస్టారు వరండాలోకి వెళ్లి కేకేయబోయారు. ఆ అవసరం రాలేదు. గేటు దగ్గర బంట్రోతుకు మా వంశ చరిత్ర మూడు తరాలు చెప్పేసిన నాయనమ్మ, కొడుకుని లోపలికి పిలిచారనగానే వెనకే వచ్చి, గుమ్మం పక్కన అంతా విని, ఇప్పుడు లోపలికి దూరింది.

"ఓలమ్మో! మూగోడేటి బాబూ! ఈడు నోరిప్పితే మా పేట మీద కాకి వాలదు. ఏటంటే, కొత్తగా ఏటకెల్లినోడు తొలి సేప పడీదాకా మాటాడకూడదు. తోలినోడూ మాటాడకూడదు. నాను ఒట్టినే కూడా వచ్చినాను గాబట్టి నాకా నేమం నేదు."

"ఇది సముద్రం కాదమ్మా, బడి" అన్నారు హెడ్మాస్టరుగారు.

"మరీ మంచిది బాబూ, మునిగిపోడు. గుంటడికి ఓ సేప ఎయ్యండి."

"చేపా?"

"ఏదో ఒక ముక్క నేర్పండి నాయినా. పొద్దుటినుంచీ పేరడిగినారు, ఊరడిగినారు, ఈడి అయ్యని పిలిచి రోగమేటని అడిగినారు. అన్నీ అడిగినారు గానీ, ఒక్కటైనా సెప్పినారా?"

పెద్దయ్యాక ఎందరో బడి ఇన్స్‌పెక్టర్లను చూశాను గాని, అంత మంచి ప్రశ్న వేసినవాణ్ని చూడలేదు.

హెడ్మాస్టరుగారు లేచారు. గోడకు కొత్తగా తగిలించిన రాష్ట్రం పటం దగ్గరకు నన్ను తీసుకెళ్లి బెత్తం చివర ఆనించారు. "ఇది మన కొత్త ఒరిస్సా. ఇది చిలకా సరస్సు. ఇది రైలుదారి. ఇక్కడ ఖల్లికోట, ఇక్కడ రంభ, ఇదిగో హుమ్మ. మీ పేట ఇందులో లేదు." జేబులోంచి పెన్సిలు తీసి, ఒడ్డు గీత పక్కన చిన్న చుక్క పెట్టారు. "ఇప్పుడు ఉంది."

పడింది! మా పేట! కటకంతో, పూరీతో సమానంగా, రాష్ట్రం పటంలో మా పేట! నెల రోజులుగా బిగించిన నోరు ఒక్కసారిగా తెరుచుకుంది.

"నా పేరు పైడిరాజండీ, మాది ఆ సుక్కేనండీ, పదహారో ఎక్కం దాకా వచ్చునండీ, ఒడియా అచ్చరాలన్నీ వచ్చునండీ, సుక్క ఇంకాస్త ఇటు జరపాలండీ, అక్కడెట్టీస్తే మా ఇల్లు సముద్రంలో ఉంటాదండీ!"

"అవునండి బాబూ, ఇటు, ఇంకా ఇటు" అన్నాడు అయ్య. అది ఆయన ఆనాడు పలికిన మొదటి మాట.

హెడ్మాస్టరుగారు పగలబడి నవ్వారు. చుక్క చెరిపి, మా అయ్య వేలు పెట్టిన చోట మళ్లీ పెట్టారు. గుమాస్తా ముంచిన కలంతోనే నా పేరు కింద గీత గీసి, పక్కన 'హాజరు' అని రాశాడు.

ఇక్కడితో ఆపితే బాగుండును. కాని కుక్కిన బస్తా ఒకసారి విప్పాక ఆగుతుందా? క్లాసుకు తిరిగి వెళ్లాక పక్క కుర్రాడికి మా పేట కథ చెప్పాను, వెనకవాడికి ఎక్కాలు చెప్పాను, ముందువాడి వీపు మీద పటం గీశాను. మాస్టారు మూడుసార్లు ఊరుకోమన్నారు. నాలుగోసారి "బెంచీ ఎక్కు!" అన్నారు. మాటల్లేవని సీటు పోగొట్టుకోబోయినవాణ్ని, అదే పూట, ఎక్కువ మాట్లాడినందుకు బెంచీ ఎక్కాను. కిటికీ బయట అయ్య, నాయనమ్మ వెళ్లిపోబోతూ ఆగి నన్ను చూడటం కనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బరంపురంలో మా పెదనాన్న ఇంట్లో ఉండి చదువుకోవాలని ఏర్పాటు. ఆ ఆదివారం తలవంచుకుని పేటకు వెళ్లాను. ఒడ్డున జనం! ముసలీ ముతకా నా చుట్టూ మూగి బుగ్గలు పుణుకుతున్నారు. మధ్యలో నాయనమ్మ నిలబడి, అప్పటికి ఎన్నోసారో గాని, చెబుతోంది:

"గుంటలందరూ కిందన కూకున్నారు. మావోడొక్కణ్నే మేస్టరు బెంచీ మీదకెక్కించి అందరికీ సూపించినాడు! తొలి దినమే!"

అయ్య వంక చూశాను. ఆయనకు ఆ బెంచీ సంగతి తెలుసో తెలియదో, ఛాతీ మాత్రం నాకంటే రెండింతలు పొంగి ఉంది. నేను దిద్దలేదు. నాయనమ్మ పోయేదాకా దిద్దలేదు. ఇన్నాళ్లకు మీ ముందే నిజం చెబుతున్నాను.

తరువాత నేనూ మాస్టారినే అయ్యాను. ఇన్నేళ్లలో ఏ కొత్త క్లాసులోనూ ముందుగా పేరడగలేదు. ముందు ఒక ముక్క నేర్పి, అప్పుడు పేర్లు అడిగాను. నా క్లాసులో మూగవాడని ఒక్కడూ ఇంటికి వెళ్లలేదు. అది నా గొప్ప కాదు, ఆవిడదే.

ఇక మిగిలింది ఒట్టు. ఏ కొత్త పనికి మనసు సిద్ధం చేసుకోవలసి వచ్చినా ఇక జన్మలో నోరు మూసుకోనని, గంగమ్మ సాక్షిగా ఆ బెంచీ మీదే ఒట్టు పెట్టుకున్నాను. ఈనాటి వరకు ఒక్కపూట తప్పలేదు. ఏడాదికి ఒక్కరోజైనా ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని మా ఆవిడ బతిమాలుతూనే ఉంది.