టోకెన్ 2147

మా గోవిందరావు మావయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ టూల్ రూములో ముప్పై అయిదేళ్లు పనిచేశాడు. అక్కడ స్పానర్ కావాలంటే నంబరు చెక్కిన ఇత్తడి టోకెన్ ఇవ్వాలి. స్పానర్ తీసిన మేకుకి ఆ టోకెన్ తగిలించేవాడు. ఆ అలవాటుతో ఇప్పటికీ మనుషులు ఆయనకు నంబర్లతోనే గుర్తు. శుభలేఖ మీద పేరు చదివి "ఎవలీడు?" అంటాడు, నంబరు చెబితే బంధువులతో సహా చెప్పేస్తాడు.

రిటైరయ్యాక పెట్టుకున్న పని ఒక్కటే. పక్కింటి ఎనిమిదేళ్ల పాప కన్యకకు తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి, అదీ ఓ నెగటివ్. ఒకరే ప్రతి నెలా ఇవ్వలేరు కాబట్టి వర్క్‌షాప్ వాళ్లను వంతులవారీగా పిలుస్తాడు. ఎవరికి ఏ అవసరం వస్తుందోనని వేరే గ్రూపుల వాళ్లనూ కలుపుకున్న ఆ జాబితా అంతా ఆయన బుర్రలోనే ఉండేది. పోయిన నెల వంతు కాని మనిషిని పిలిచి, ఆ రోజంతా అన్నం తినలేదు. మర్నాడు నా దగ్గరికొచ్చి కంప్యూటరులో ఎక్కించమన్నాడు.

నేను ఈ ఊళ్లోనే తాల్‌బగీచా పేటలో పిల్లలకు జావా అనే కంప్యూటరు భాష చెబుతాను. ఇదెంత పని అనుకుంటూ హ్యాష్‌మ్యాప్ అనే పట్టిక రాశాను. కీ, అంటే వెతుక్కునే గుర్తు, మనిషి పేరు. పేరు ఇస్తే రక్తం గ్రూపు, ఫోను నంబరు వస్తాయి. నలభై ఒక్కమందిని ఎక్కించి, ఎంతమంది ఉన్నారని మ్యాప్‌ని అడిగితే ముప్పై తొమ్మిది అంది.

మావయ్య తెర మీదికి వంగాడు. "అప్పలకొండలు ముగ్గురు కదే, ఒక్కడే ఉన్నాడేటి?"

ఆ మిగిలినవాడు బి పాజిటివ్. మాకు కావలసిన ఓ నెగటివ్ అప్పలకొండ మాయం.

సిగ్గుతో చచ్చాను. ఒక కీకి ఒకే విలువ, అదే కీతో ఇంకోటి పెడితే పాతది పోతుందని సోమవారమే క్లాసులో బల్ల గుద్ది చెప్పాను. ఇంటికో అప్పలకొండ ఉండే మా వాళ్లలో పేరును కీ చేసిన తెలివి నాది.

"పేరెట్టి పిలిస్తే ముగ్గురూ తిరుగుతారమ్మా. టోకెన్ నంబరుతో పిలు, ఒక్కడే వస్తాడు."

టోకెన్ నంబర్లతో మళ్లీ ఎక్కించాం. ఈసారి ఎవరి స్థానంలోనైనా ఇంకొకరు వచ్చి పడితే, పోయినవాళ్లెవరో తెర మీద చూపించమని ఒక వాక్యం రాశాను. ఉన్న కీ మీదే కొత్త విలువ పెడితే (put చేస్తే) జావా ఆ పాత విలువను తిరిగి చేతికిస్తుంది. నలభై ఒక్కమందీ వచ్చారు, అప్పలకొండ దొరికాడు.

మావయ్య తెర మీద తన నంబరున్న వరస మీద వేలు పెట్టాడు. "నాకు బుధవారానికి అరవై అయిదు నిండిపోతాయి. ఇంక నా రక్తం తీసుకోరు. నీదీ ఓ నెగటివే కదా వాణీ. నా నంబరుకి నీ పేరు ఎక్కించు."

నాకు సూదంటే చచ్చేంత భయం. మూడేళ్లుగా సాకులు చెబుతున్నాను, అవన్నీ ఆయన నమ్మినట్టే ఊరుకున్నాడు. 2147 కొట్టి, పక్కన సత్యవాణి అని రాసి, ఎంటర్ నొక్కాను.

తెర మీద ఒక పేరు వచ్చింది. గోవిందరావు, ఓ నెగటివ్.

నాకు ఏడుపొచ్చింది. మావయ్య అప్పటికే లేచి చెప్పులేసుకుంటున్నాడు.

"పద, ఈ నెల వంతు ఇరవయ్యొకటి నలభయ్యేడుది."