నీలి ఆవుకు పెట్టిన కుంకుమ

చేల మీద పడే ఆ పెద్ద అడవి జంతువును మా ఇంట్లో మనుబోతు అనేవాళ్లం. మాను అంటే చెట్టు, పోతు అంటే మగది, చెట్లలో తిరిగే పోతు గనుక ఆ పేరని మా బాపు చెప్పేవాడు. పోతే కదా అని దొరికితే కూర వండుకునేవాళ్లూ ఉండేవారు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. జనగామలో మా ఆఫీసుకు తాళం పడితే, భూపాలపల్లి అడవి అంచున ఉన్న మా ఊరికొచ్చాను. మా మక్కచేనుకు తండా ముసలాయన ఒకాయన కావలి ఉండేవాడు. రోజూ చేను మీద పడే పెద్ద మనుబోతు ఉన్నట్టుండి రావడం మానేసింది. గట్టు పక్కన కొత్తగా పూడ్చిన గుంత కనిపించింది. నాకు అనుమానం పట్టుకుంది.

"గుంతల ఏముంది తాతా?"

"ఆవు పటేలా. మొన్న బాయిల వడి సచ్చింది. కేసైతదని ఎవ్వలకు చెప్పలె."

"నీకు ఆవెక్కడిది?"

"గదే, చేన్లకొచ్చేది. మా పెద్దలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట ఉత్తరాన్నుంచి వచ్చిన్నాటి సంది మాకది నీలి ఆవే. దాని రంగు సూడలేదా? మగదైనా జాతి ఆవు జాతే. మేం ముట్టం."

నాకు ఒళ్లు మండింది. ఎవరికి చెబుతున్నాడు ఈ కథలు! తప్పించుకోవడానికి అప్పటికప్పుడు పేరు పుట్టించాడనుకున్నాను. ఫారెస్టాయనకు నేనే ఫోన్ చేశాను. కోసుకు తిని బొక్కలు పాతిపెట్టాడని, కళ్లారా చూసినట్టే చెప్పాను. సిగ్గులేని పని. మన తెలంగాణోళ్ల మాటంటే పాలకులకు నమ్మకం లేదని ఆ వారమే దీక్షా శిబిరంలో గొంతు చించుకున్నదీ నేనే.

మర్నాడు పొద్దున ఫారెస్టాయన వచ్చి, చంపినట్టు తేలితే జైలేనని చెప్పి గుంత తవ్వించాడు. ముసలాయన భార్య గట్టు మీద కూలబడింది.

"తవ్వకుండ్రి సారూ, మీ కాల్మొక్త. సాగనంపినం దాన్ని."

మట్టి కింద కొత్త తువ్వాల. తువ్వాల తీస్తే నిండు జంతువు. ఒక్క కత్తిగాటు లేదు. నొసట పసుపు, కుంకుమ, మూతి దగ్గర గుప్పెడు పచ్చగడ్డి. ఇంట్లో ఆవు పోయినా అలాగే పంపుతారట.

ఫారెస్టాయన ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పూడ్చడానికి పార అందుకున్నాను. ముసలాయన దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టకు పటేలా. మా ఇంట్ల సావుకు పగోన్ని రానియ్యం."